భార్య సంతకం

బెరిల్ ఇంటి చుట్టూ ఎవరో నాలుగు మేకులు పాతి, వాటికి ఎర్ర గుడ్డపీలికలు కట్టి వెళ్ళారు. ఎవరో ఏమిటి, మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఒక్క బెరిల్‌కి తప్ప. ఆ పొద్దున ఆవిడ నా హోటల్‌కి పరుగున వచ్చి, "ఎదూ, చూశావా? నీళ్ళ పైపు వస్తోంది! గుర్తులు పెట్టారు!" అంది. నేను నిప్పుల మీద చేపను తిరగేస్తూ "అవునా, మంచిదే" అన్నాను. ఆ మాట అన్నందుకు నా నోరు పడిపోయినా బాగుండేది.

బెరిల్‌ది కెనడా. మంచులో ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. మొగుడు పోయాక అక్కడి ఇల్లు అమ్మేసి, మా సముద్రతీరపు ఊళ్ళో చెంచో అనే అతని దగ్గర స్థలం కొని ఇల్లు కట్టుకుంది. వెనక్కి వెళ్ళడానికి అక్కడ ఆవిడకి గుమ్మం కూడా లేదు. ఉన్నదల్లా ఈ ఇల్లే.

మా భూమి ఊరుమ్మడిది. ఎవరి చెక్క వాళ్ళు చేసుకుంటాం గాని, బయటివాళ్ళకి రాసివ్వాలంటే సభ్యులందరం ఊరి సభలో చేతులెత్తాలి. అంతకుముందు అమ్మేవాడి భార్య ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఇదంతా బెరిల్ కనుక్కునే వచ్చింది, అమాయకురాలేం కాదు. రెండేళ్ళ కిందట నా హోటల్లోనే కాగితం రాసుకుంటుంటే, వచ్చీరాని మా భాషలో వేలెత్తి మరీ అడిగింది.

"భార్య ఒప్పుకోవాలి. చెంచో భార్య ఎవరు?"

అందరం నసారియా వైపు చూశాం. ఎలా చూడం? పాతికేళ్ళుగా చెంచోకి వండిపెట్టింది, మంచాన పడ్డ అతని తల్లిని తన చేతుల్తో కడిగింది. అతను పెళ్ళాడిన ఎర్మీనియా ఎప్పుడో తెపిక్ పట్టణం వెళ్ళిపోయింది. విడాకుల కాగితం మాత్రం ఎవరూ రాయించుకోలేదు. నసారియా ముందు ఆ పేరెత్తడం మా దగ్గర మర్యాద కాదు. నసారియా సిగ్గుపడుతూ సంతకం పెట్టింది. దాని కింద సాక్షిగా నేను పెట్టాను. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. పరాయి మనిషి ముందు నసారియాని చిన్నబుచ్చడం దేనికని ఊరుకున్నాను. పైగా అదేదో నా మంచితనం అనుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

సభ్యులు చాలినంతమంది రాలేదని సభ మూడుసార్లు వాయిదా పడింది. ఈలోగా వానల్లో చెంచో పోయాడు. తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిసిన మర్నాడు ఒక నల్ల కారు వచ్చి నా హోటల్ ముందు ఆగింది.

"ఏమ్మా ఎదూ, గుర్తుపట్టలేదా? అంత ముసలిదాన్నయ్యానా?"

ఎర్మీనియా.

"అయ్యో, కూర్చోండి దోన్యా ఎర్మీనియా," అన్నాను, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో.

"చేప కాల్చు. ఉప్పు తక్కువ వెయ్యి, నాకు బీపీ."

ముల్లు ముల్లూ ఏరి పళ్ళెం అంచున వరసగా పెట్టుకుంటూ తీరిగ్గా తింది. చూపు మాత్రం బెరిల్ ఇంటి మీదే ఉంది. మొక్కలకు నీళ్ళు పోస్తున్న బెరిల్ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. ఎర్మీనియా కూడా నవ్వుతూ ఊపింది.

"పాపం, మంచిదానిలా ఉంది," అంది. "పూలు ఎంత బాగా పెంచిందో."

"ఆవిడకి ఇంకెక్కడా ఏమీ లేదు దోన్యా."

"నాకుందా మరి? బతికుండగానే నన్ను పూడ్చిపెట్టి కాగితం రాసుకున్నారు. ఒక్కళ్ళైనా నా పేరెత్తారా? నువ్వెత్తావా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నేనేం గొడవ చెయ్యను. ఆదివారం సభ ఉంది. మీ నాన్న వాటా నీకొచ్చిందిగా, చెయ్యెత్తు చాలు." వేళ్ళు తుడుచుకుంది. "అవునూ, నీ హోటల్ ఎవరి స్థలంలో ఉందే?"

నా హోటల్ ఉన్నదీ చెంచో చెక్కలోనే. కట్టుకో ఎదూ, పోనీలే, అన్నాడు అప్పట్లో. కాగితం లేదు, ఏమీ లేదు.

"ఉండనీలే, చేప బాగా కాలుస్తావు," అంది ఎర్మీనియా. "ఆవిడకి మాత్రం ముందుగా ఏమీ ఊదకు. లాయర్లని వెంటేసుకొస్తుంది, అందరికీ తలనొప్పి."

ఆ మర్నాడే మేకులు పడ్డాయి, ఎర్ర పీలికలు లేచాయి.

ఊరిపెద్ద త్రాంకిలీనో దగ్గరికి వెళ్ళాను. అతని కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానమాతగా నిలబడ్డదాన్ని నేను, అందుకే ఒకరినొకరం కొంపాద్రే, కొమాద్రే అని వరస కలిపి పిలుచుకుంటాం. నా మాట వింటాడనుకున్నాను.

"ఆవిడకి చెప్పేద్దాం కొంపాద్రే. ఇంత అన్యాయం వద్దు."

"చెప్పు కొమాద్రే, నేను ఆపానా?" అన్నాడు గోళ్ళు కత్తిరించుకుంటూ. "ఆవిడ కోర్టుకెళ్తే మొదట పిలిచేది సాక్షినే. ఆ సంతకం నీదేగా? చేపలు ఇక జైల్లో కాల్చుకుందువుగాని."

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వకేం చెయ్యమంటావు? ఊరంతా మూసుకున్న నోరు, నువ్వొక్కదానివే తెరుస్తావా?"

అయినా శనివారం మధ్యాహ్నం బెరిల్ ఇంటికి వెళ్ళాను. చెప్పెయ్యాలనే వెళ్ళాను, ఒట్టు. ఆవిడ టీ పెట్టి, అరటిపండ్ల కేకు కోసి, నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. నిమ్మమొక్క మొదట్లో కొత్తగా తవ్విన మన్ను తడిగా ఉంది.

"నా మొగుడు హెరాల్డ్ ఇక్కడ," అంది. "మూడేళ్ళు డబ్బాలో. రేపు ఇల్లు నాది. అందుకే ఇవాళ బూడిద మట్టిలో పెట్టాను. ఇక ఎక్కడికీ తిప్పను."

సభలో తన సంగతి ఉందని త్రాంకిలీనో ఆవిడకి ముందే చెప్పాడట. నిజమే చెప్పాడు, వెధవ.

"ఎదూ, నా పక్కన కూర్చో," అంది నా మోచెయ్యి పట్టుకుని. "వాళ్ళ మాటలు చాలా వేగం. నేను నిన్ను చూస్తాను. నువ్వు చెయ్యెత్తితే నాకు మంచి."

ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని నాకు నేనే చెప్పుకున్నాను. టీ తాగాను. కేకు బాగుందన్నాను. ఇంటికొచ్చేశాను.

ఆదివారం సభకి ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చారు. నసారియా మాత్రం రాలేదు. ఎర్మీనియా ముందు వరసలో వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. బెరిల్ ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుని నా పక్కన కూర్చుంది. అందరికీ దణ్ణాలు పెడుతోంది. అందరూ ఎంతో మర్యాదగా తలలూపారు.

త్రాంకిలీనో కాగితం తీసి ఏకబిగిన చదివాడు. "దివంగత చెంచో స్థలం, దాని మీది కట్టడాలతో సహా, చట్టప్రకారం భార్య ఎర్మీనియా గారికి చెందుతుందని ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చెంచో అన్న మాట బెరిల్‌కి అందింది. స్థలం అందింది. భార్య కూడా అందింది, ఎర్మీనియా అన్న పేరు మాత్రం జారిపోయింది. మొహం వెలిగిపోయింది. చెంచో భార్య అంటే ఆవిడకి తెలిసింది నసారియానే మరి, మేమే కదా అలా చూపించాం.

ముందు వరసలో చేతులు లేచాయి. తర్వాత వెనకవి, గోడవారవి. ఎర్మీనియా తల తిప్పి నన్ను చూసింది. బెరిల్ కూడా నన్నే చూస్తోంది, ఊపిరి బిగబట్టి.

నేను చెయ్యెత్తాను.

బెరిల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వుతూ తన చెయ్యి కూడా పైకెత్తింది, అందరికంటే ఎత్తుగా. వెనకెవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. త్రాంకిలీనో లెక్కపెట్టుకుంటూ వచ్చి మా దగ్గర ఆగాడు.

"దోన్యా బెరిల్, మీరు దించండి. మీది లెక్కలోకి రాదు."

"ఏమన్నాడు?" అని నన్నడిగింది.

"దించమన్నాడు. అయిపోయింది."

చెయ్యి దించి, నా చేతిని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది.

"థాంక్యూ ఎదూ. ఇల్లు ఇప్పుడు నాదేగా?"

ముందు వరసలో ఎర్మీనియా లేచి, చేతిసంచి భుజాన వేసుకుని, జవాబు తనే చెబుదామని మా వైపు నడిచి వస్తోంది.