కుళ్లాయమ్మ మైళ్లు

పేపర్లో విమానం అన్న మాట కనబడితే నేను చదవకుండా వదలను. నా చెల్లెలు కుళ్లాయమ్మ కువైట్‌కు పోయినప్పటి నుంచి పట్టుకున్న అలవాటు ఇది. ఎక్కడో ఏ సముద్రం మీదో విమానం ఊగిందని రాసినా, అందులో ఆమె లేదని తెలిసినా, ఆ పూట నాకు ముద్ద దిగదు.

ఆ రోజు చూసింది ప్రమాదం వార్త కాదు. వ్యాపారం పేజీలో అడుగున, వేరుశనగ ధరల పక్కన చిన్నగా వేశారు. పొత్తు పెట్టుకుని నడిచే విమాన కంపెనీలు తక్కువ ధర టికెట్ల మీద ప్రయాణికుల ఖాతాలో జమచేసే మైళ్లకు కోత పెడుతున్నాయట. ఈ నెల ఇరవయ్యో తేదీ నుంచి అమలు.

ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్లీ చదివాను. కుళ్లాయమ్మ వంటింట్లో ఊరిమిండి కారంపొడి నూరుతోంది. రెండు నెలల సెలవు మీద వచ్చింది. నెలాఖరుకు తిరుగు ప్రయాణం. ఆమెకు ఏమీ చెప్పకుండా పేపరు మడిచి చంకలో పెట్టుకుని, విడపనకల్లు పోయే ఆటో ఎక్కాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. కుళ్లాయమ్మ ఐదో తరగతి దాకా చదివింది. కువైట్ నుంచి ఆమె రాసిన మొదటి ఉత్తరాన్ని పోస్టుమ్యాన్ మా అరుగు మీద కూర్చొని గట్టిగా చదివాడు. వీధిలో నలుగురూ మూగారు. ‘అక్కా, పడుకునేటప్పుడు నీ కోసం పక్కన తడుముకుంటాండా’ అన్న మాట పరాయి గొంతులో విన్నాను. ఆ సిగ్గు, ఆ దుఃఖం మరిచిపోలేదు. ఇంకొకసారి అట్లా కాకూడదని బస్సు బోర్డులు, ఎరువుల సంచులు, బెల్లం కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. మూడో ఉత్తరం నేనే చదువుకున్నాను, తలుపు మూసుకుని.

విడపనకల్లులో టికెట్ల అంగడి ఆఫ్తాబ్‌ది. మా ఊరి పీర్ల చావిడి చూసుకునే జమాల్ సాబ్ కొడుకు. కుళ్లాయమ్మకు ఈ మైళ్ల కార్డు తీసిచ్చింది అతనే. ఆమె ఎక్కేది ఒక కంపెనీ విమానం, మైళ్లు జమయ్యేది దానితో పొత్తున్న ఇంకో కంపెనీ కార్డులో. వచ్చినప్పుడల్లా, పోయినప్పుడల్లా కొన్ని పడ్డాయి. ఆమె పనిచేసే ఇంటివాళ్లు పిల్లలను చూసుకోవడానికి దేశాలు తిప్పినప్పుడు మరికొన్ని పడ్డాయి. ఈ తిరుగు ప్రయాణం మైళ్లు కూడా పడితే ఒకసారి ఊరికి వచ్చి పోయేందుకు ఉచితంగా టికెట్ వస్తుందని ఆఫ్తాబ్ చెప్పి ఉన్నాడు.

ఆ టికెట్ మీదే నా ప్రాణమంతా పెట్టుకున్నాను. ఆ ఇంటి మేడమ్ రెండేళ్లకొకసారే టికెట్ ఇస్తుంది. నడుమ వస్తానంటే పది పదిహేను రోజులు సెలవు ఇస్తుంది గాని ఖర్చు మనదే. కుళ్లాయమ్మ జీతం కొడుకు లారీ అప్పు కంతులకు పోతుంది. మైళ్లు నిండితే వచ్చే ఏడే వస్తుంది. లేకుంటే రెండేళ్లు. నా వయసులో రెండేళ్లంటే మాటలా?

ఆఫ్తాబ్ పేపరు చూసి నవ్వాడు. “ఏం పెద్దమ్మా, నాకంటే ముందు నీకే తెలిసిపాయనే! అంగడి నువ్వే పెట్టుకో.”

“ఎగతాళి తరవాత. కుళ్లాయమ్మ టికెట్టుకు ఇది తగులుతుందా లేదా చెప్పు.”

కంప్యూటర్లో ఏవేవో తెరిచి చూశాడు. నవ్వు తగ్గింది. “తగులుతాది. ఆ మేడమ్ కొనేది ఎప్పుడూ అన్నిటికంటే చీప్ టికెట్టే. ఇరవై నుంచి దాని మీద పావు వంతే పడతాయి.”

“ముందే కొన్న టికెట్టు కదప్పా?”

“కొన్న రోజు లెక్క కాదు. ఎక్కిన రోజు లెక్క.”

“దూరం అదే కదప్పా? చీప్ టికెట్టోళ్లను పావు దోవలో దింపేస్తారా?”

“ఎవురూ దింపరులే. పేరుకు మైళ్లంటారు గాని అది దూరం కాదు పెద్దమ్మా, దుడ్ల లెక్క.” కాసేపు మీసం దువ్వుకుని అన్నాడు: “ఒక దోవ ఉండాది. తారీకు ముందుకు జరిపి ఇరవై లోపల ఎక్కిస్తే పాత లెక్కనే. నిండుగా పడతాయి. చిన్నమ్మ ఒప్పుకుంటాదా?”

“ఎందుకు ఒప్పుకోదు?” అన్నాను. ఎందుకు ఒప్పుకోదో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నెల చివర్లో పీర్ల పండగ.

మా అమ్మకు నా తరువాత పుట్టిన వాళ్లెవరూ దక్కలేదు. గూగూడు పీరు కుళ్లాయిస్వామికి మొక్కుకుంటే ఈమె నిలిచింది. అందుకే ఆ పేరు. అమ్మ ఏటా ఆమెకు తలంటుపోసి, చేతికి చక్కెర పొట్లమిచ్చి, గుండం చుట్టూ తిప్పేది. కొంచెం పెద్దదయ్యాక పీర్లకు ముందు నెమలీకల కట్ట పట్టుకుని నడిచేది కుళ్లాయమ్మే. జమాల్ సాబ్ ఇంటి ఆడపిల్లలు కూడా ఆ కట్ట కోసం ఆమెతో కొట్లాడేవాళ్లు. తప్పెట మోగితే చాలు, ఇంట్లో నిలిచేది కాదు. పాదాలు బూడిద కొట్టుకుని, ఒళ్లంతా ఊదు వాసనతో వచ్చి నా పక్కలో పడుకునేది. ఆ వాసన ఇప్పటికీ నా దుప్పట్లో ఉన్నట్టే అనిపిస్తుంది.

ఆ కరువు ఏడు, బావులన్నీ ఎండి, ఎద్దులను బళ్లారి సంతకు తోలేశాక, ఏజెంటు వచ్చి కువైట్‌లో వంట పని ఉందన్నాడు. అప్పటికే కుళ్లాయమ్మ మొగుడు పోయాడు, చంకలో బిడ్డ. ప్రయాణం పండగకు నాలుగు రోజుల ముందు పడింది. “పండగ చూసి పోమ్మే” అంది అమ్మ. ఏజెంటు తారీకు మార్చేది లేదన్నాడు. “వచ్చే ఏడు చూస్తాలేమ్మా” అంది కుళ్లాయమ్మ బస్సు మెట్టు మీద నిలబడి. వచ్చే ఏటికి అమ్మ లేదు.

పండగ చంద్రుడితో నడిచేది. ఏటేటా ముందుకు జరుగుతుంది. కుళ్లాయమ్మ సెలవు మాత్రం ఎప్పుడూ ఎండాకాలమే. ఇరవై ఏళ్లకు పైగా పండగ చలికాలంలో, వానల్లో తిరిగి తిరిగి, ఈ ఏడు ఆమె సెలవు లోపలికి వచ్చింది.

ఇంటికి వచ్చి విషయం చెప్పాను. ఆమె ఊరిమిండి చేతిని కడుక్కోకుండానే నా ఎదుట కూర్చుంది.

“అంటే పండగ చూడకుండా పొమ్మంటాండావు.”

“వచ్చే ఏడు రావచ్చు కదమ్మే. రెండేండ్లు ఆగే పన్లేదు.”

“తరుముతాండావా అక్కా నన్ను? తిండి ఎక్కువ తింటాండానా?”

“తింటాండావు. నూనె డబ్బా ఖాళీ అయింది.”

ఆమె నవ్వలేదు. “ఇట్ల లెక్కలేసుకుంటా ఎన్ని రోజులు బతుకుతావు నువ్వు?” అంది.

“నీకేం తెలుసు? పోయేదానికి దోవ కనబడతాది. ఉండేదానికి ఏముండాది? నాయన పోయినా, మా ఆయన పోయినా, నువ్వు పోయినా, గడప దగ్గర నిలబడింది నేనే.” అంత మాట ఎందుకన్నానో తెలియదు. నోరు దాటిపోయింది.

ఆమె వేళ్లకంటిన పొడి రాల్చుకుంది. “మార్పిచ్చు. పోతా,” అంది.

ఆఫ్తాబ్ పంతొమ్మిదికి మార్చాడు. నేను గెలిచాను. రెండు రోజులు బలే ఉత్సాహంగా సామాన్లు సర్దాను. జొన్నరొట్టెలు ఎండబెట్టాను, చెనిక్కాయలు వేయించాను, కారం కొట్టించాను. వచ్చే ఏడు ఆమె వస్తే ఎక్కడ పడుకోబెట్టాలో, పైకప్పు రేకు ఎప్పుడు మార్పించాలో కూడా ఆలోచించుకున్నాను. కుళ్లాయమ్మ మాత్రం అడిగినదానికి తప్ప మాట్లాడలేదు.

నెలవంక కనబడిన మరునాడు చావిడి ముందర గుండం తవ్వడం మొదలుపెట్టారు. అది పద్దెనిమిదో తేదీ. తెల్లవారితే బెంగళూరుకు కారు. పొద్దు వాలుతున్నా కుళ్లాయమ్మ ఇంటికి రాలేదు. పెట్టె బరువు చూడాలి, తాళం వేయాలి. పిలుచుకొద్దామని చావిడి దగ్గరికి పోయాను.

మగవాళ్లు గునపాలు పక్కన పెట్టి టీ తాగుతున్నారు. జమాల్ సాబ్ మెట్టు మీద కూర్చుని అందరి మీదా కేకలేస్తున్నాడు. ఆయన నన్ను చూసి, “ఏం చెన్నమ్మా, సామి పేరు పెట్టుకున్న పిల్లను సామికే మొకం చూపియ్యకుండా తోలేస్తాండావంటనే! నా కొడుకుతో కలిసి ఏం యాపారం పెట్టినావు?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

కుళ్లాయమ్మ గుంత అవతల, చావిడి తలుపు ముందర నిలబడి ఉంది. పీర్లను ఇంకా పెట్టెలో నుంచి తీయలేదు. తలుపుకు తాళం ఉంది. తట్టలు మోసినట్టుంది, చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా దోపుకుని, చేతులకు ఎర్రమన్ను. ఆ చేతులతోనే తలుపును ముట్టి, మెల్లగా అంటోంది: “వచ్చే ఏడు చూస్తాలే సామీ.”

అదే మాట. బస్సు మెట్టు మీద అమ్మతో అన్నప్పటి అదే గొంతు, ఎదుటివాళ్లను ఊరడించే గొంతు. అప్పుడు అమ్మ ఏం చేసిందో నాకు గుర్తే. చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

గుంత చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి పోయాను. “పోవద్దులే,” అన్నాను.

“ఏంది?”

“పండగ చూసే పో. నెలాఖరుకు.”

“మైళ్లు?”

“పోనీ.”

ఆమె నా మొహంలోకి చూసింది. “మళ్లా తెల్లార్తూనే ఏడుస్తావు నువ్వు. నాకు తెలుసు.”

“ఏడిస్తే ఏడుస్తా. నువ్వుంటావు కదా చూసేకి.”

ఆఫ్తాబ్‌కు ఫోన్ చేస్తే తల కొట్టుకున్నాడు. “పెద్దమ్మా, మార్చిన టికెట్టును మళ్లా పాత తారీకుకేనా? నిండేకి వచ్చిన మైళ్లు కదా! బాగా ఆలోచన చెయ్యి.”

“చేసినా.”

“వచ్చే ఏడు చిన్నమ్మ రాలేదని నా అంగడికొచ్చి కూచుంటే టీ కూడా ఇయ్యను, చెప్తాండా.”

“ఇయ్యొద్దులేప్పా. టికెట్టు మార్చు.”

ఆ తరువాతి రోజులు నా జీవితంలోకెల్లా పొడుగైనవి. పొడుగైనవని ఇష్టంగానే అంటున్నాను. మేమిద్దరం చక్కెర పొట్లాలు కట్టాం. పెద్ద సరిగెత్తు నాడు పీర్లు ఊరేగింపుకు లేచినప్పుడు నెమలీకల కట్ట జమాల్ సాబ్ తానే తెచ్చి ఆమె చేతికిచ్చాడు. అరవైకి దగ్గరపడిన మనిషి, మోకాళ్ల నొప్పులు, కువైట్ గచ్చు మీద నిలబడి నిలబడి పగిలిన పాదాలు. తప్పెట అందుకోగానే ఆ పాదాలు ఎట్లా కదిలాయో! “ఏమ్మే, ఆడ అరబ్బోళ్లకు కూడా ఇట్లే ఆడి చూపిస్తావా?” అని ఎవరో అరిచారు. “ఆడ నా చేతిలో గరిటె ఉంటాది, నోరు మూసుకో,” అంది తిరగడం ఆపకుండా.

పండగ చివరన, జలధి రోజు నేను ఎప్పుడూ ఇల్లు కదలను. పీర్లను సాగనంపి, వట్టి చేతులతో పాడుకుంటూ తిరిగి వచ్చే జనాన్ని చూడలేను. ఈసారి కుళ్లాయమ్మ చెయ్యి పట్టుకుని గుంజుకుపోయింది. వంకలో చుక్క నీళ్లు లేవు. పంచాయతీ వాళ్లు ట్యాంకరు నిలబెట్టారు. పైపుతో నీళ్లు పడుతుంటే పీర్లను తడిపారు. కుళ్లాయమ్మ గుక్కపట్టి ఏడ్చింది. అంత ఏడుపు అమ్మ పోయాక మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చేందుకు ఆమె ఎదుట ఏమీ మిగల్లేదు, ఒట్టి గోడకు తగిలించిన పటం తప్ప. నేను ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను. ట్యాంకరు నీళ్లు మా ఇద్దరి పాదాల మధ్య నుంచి పారి ఇసుకలో ఇంకిపోయాయి.

నెలాఖరుకు పోయింది. కారులో కూర్చున్నాక కూడా పోట్లాడింది, “ఊరిమిండి డబ్బా మూత గట్టిగా పెట్టినావా లేదా? పోయినసారి చీరలన్నీ కారం చేసినావు,” అని. పెట్టానని నేను, పెట్టలేదని ఆమె. అట్లా మాట్లాడుతుండగానే కారు కదిలిపోయింది. ఆమె చేరేదాకా నేను నిద్రపోలేదు. అది మారే సంగతి కాదు.

వారం తరువాత ఆఫ్తాబ్ మా ఊరికి వచ్చినప్పుడు ఫోన్ తీసి చూపించాడు. మైళ్లు పడ్డాయి, పావు వంతే. అంకెలు నేనే చదువుకున్నాను. ఉచిత టికెట్టుకు చాలా దూరంలో ఆగిపోయాయి. ఆఫ్తాబ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేది. అక్కడ నిలబడలేక చావిడి వైపు నడిచాను.

జమాల్ సాబ్ పూడ్చిన గుండం పక్కన మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు.

“అన్నా, రెండేండ్లకు పండగ ఏ నెలలో పడతాది?” అని అడిగాను.

వేళ్ల కణుపులు లెక్కపెట్టుకున్నాడు. “ఇంకా ముందుకొస్తాది. రోహిణి ఎండల్లో పడతాది. ఏం?”

అంటే మేడమ్ ఇచ్చే టికెట్టు మీద వచ్చినప్పుడే. సెలవు నడుమనే.

“అయితే అంతవరకు నేను ఉండాల్సిందే,” అన్నాను.

“ఉండు మల్ల,” అన్నాడు జమాల్ సాబ్, మంచం మీద కొంచెం జరిగి. “ఎవురొద్దన్న్యారు?”