ఆకుపచ్చ సిరా సంతకం

నేపాల్ ప్రయాణానికి భారతీయులకు పాస్‌పోర్టు అక్కరలేదన్న సంగతి నేను నియమాలు స్వయంగా చదివి తెలుసుకున్నాను. మా దంపతులకు ఓటరు కార్డులు, మనవలిద్దరికీ ఆధార్ కార్డులు చాలు. దువ్వాడలో రైలెక్కి హౌరా, అక్కడ రైలు మారి బీహారు చివర జయనగర్, అక్కడి నుంచి నేపాల్ వారి రైలులో జనక్‌పూర్. అక్కడే మా అమ్మాయి ఇంద్రజ ఒక విద్యుత్ లైను నిర్మాణంలో ఇంజనీరుగా పనిచేస్తున్నది.

పిల్లలు తల్లిని చూసి ఏడు నెలలైంది. అల్లుడికి స్టీల్ ప్లాంటులో సెలవు దొరకలేదు. ఆరేళ్ళ చింటూ ఈ మధ్య ఫోనులో తల్లి ముఖం కనిపిస్తే నా కుర్చీ వెనక్కి తప్పుకుంటున్నాడు. ఆ విషయం ఇంద్రజ పైకి అనలేదు గాని, తనకు దొరికిన నాలుగు రోజుల సెలవు తేదీలను నాకు మూడుసార్లు పంపింది.

ఉదయం తొమ్మిదిన్నరకు దువ్వాడ ప్లాట్‌ఫారం మీద ఉండగా ఆమె ఫోను చేసింది. రైలు పదీ ఇరవైకి.

"నాన్నగారూ, పిల్లల కార్డులు మీ చేతిసంచీలోనే ఉన్నాయి కదా?"

ఉన్నాయన్నాను. ముప్పై ఆరేళ్ళు పోర్టు ట్రాఫిక్ విభాగంలో పనిచేసినవాడిని; అసలు పత్రం బీరువాలో, నకలు చేతిలో ఉండాలన్నది నా పద్ధతి. పిల్లల కార్డులకు నకళ్ళు తీయించి, ప్రభుత్వ కళాశాలలో గెజిటెడ్ హోదా గల అధ్యాపకుడైన మిత్రుడు రమణమూర్తి చేత ఆకుపచ్చ సిరాతో సంతకం చేయించి, గుండ్రని ముద్ర వేయించాను. ఆ మాటే సగర్వంగా చెప్పాను.



"నకళ్ళు చూడరు నాన్నగారూ. అసలు కార్డు చేతికిస్తేనే జయనగర్‌లో టికెట్టు ఇస్తారు."

మా ఓటరు కార్డులు అసలువే వెంట ఉన్నాయి గాని, పిల్లల అసలు కార్డులు విశాఖ మద్దిలపాలెంలో, మా ఇంటి బీరువాలో ఉన్నాయి. ఇంటి తాళంచెవి, బీరువా తాళంచెవి నా జేబులో ఉన్నాయి. వెళ్ళి వచ్చేలోగా రైలు దాటిపోతుంది. తరువాతి రైలుకు వెళదామంటే, హౌరాలో ఎక్కవలసిన రైలు అందదు. ఇంద్రజ సెలవులో సగం హరించుకుపోతుంది. పిల్లలు బిస్కెట్లు తింటున్నారు.

నా భార్య రోజారమణి విషయం అడిగి తెలుసుకున్నది. ఫోను తీసి, ఆ వేళకు పక్కింట్లో పనిలో ఉన్న మా పనిమనిషి అసిరమ్మను పిలిచింది. అసిరమ్మ పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చి మా వీధిలో నాలుగిళ్ళలో పనిచేస్తుంది. రైలు విజయనగరంలో ఐదు నిమిషాలు ఆగుతుందనీ, పదకొండున్నరలోగా కార్డులు బస్సులో అక్కడికి తేవాలనీ రోజారమణి చెప్పింది. బీరువా రెండో తాళంచెవి కందిపప్పు డబ్బా అడుగున ఉన్నదనీ చెప్పింది. ఆ తాళంచెవి ఏనాడో పోయిందని నేను నమ్ముతూ వచ్చాను.

"ఇల్లు తాళం వేసి ఉన్నది కదా?" అన్నాను.

"ఇంటి తాళంచెవి అసిరమ్మకు ఇచ్చి పదకొండేళ్ళయిందండీ. మీకు చెబితే నాలుగు తాళాలు మార్పిస్తారని చెప్పలేదు."

రైలు వేళకే వచ్చింది. ఎక్కాం. కొత్తవలస దాకా అసిరమ్మ ఫోను పలకలేదు. తరువాత ఒకసారి పలికింది గాని, బస్సు హోరులో "ఎక్కినానమ్మా" అన్న ముక్క తప్ప ఏమీ వినబడలేదు. ఎక్కడ ఎక్కింది, ఎంత దూరం వచ్చింది, తెలియలేదు. తొమ్మిదేళ్ళ శ్రీసత్య, కార్డులు రాకపోతే మమ్మల్ని ఏ స్టేషన్లో దింపేస్తారు తాతగారూ అని అడిగింది. ఎవరూ దింపరని గట్టిగా చెప్పాను. ఆ గట్టితనాన్ని ఆ పిల్ల నమ్మలేదు.

విజయనగరంలో తలుపు దగ్గర నిలబడ్డాను. రెండు నిమిషాలు గడిచాయి. అసిరమ్మ జాడ లేదు. రోజారమణి ఫోను చేస్తే తెలిసింది: ఆమె రైలు కొసన జనరల్ పెట్టెల దగ్గర వెతుకుతున్నది. ఆమె ఎప్పుడు రైలెక్కినా అక్కడే ఎక్కుతుంది. మనుషులు ప్రయాణం చేసేది ఆ పెట్టెల్లోనే అన్నది ఆమె లెక్క. అంత దూరం నుంచి, నెత్తిన బియ్యం సంచీతో, పరుగున వచ్చింది.

"నాకు సదువు రాదు కదా బాబూ, ఏది ఏటో నాకేటి తెలుస్తాది? అరలో ఉన్నదంతా అట్టుకొచ్చీసినాను."

సంచీ విప్పాను. ఇంటి దస్తావేజు, పెన్షన్ ఉత్తర్వు, బ్యాంకు డిపాజిట్ రసీదులు, మా పెళ్ళి శుభలేఖ. పిల్లల కార్డులు అట్టడుగున ఒక ప్లాస్టిక్ కవరులో దొరికాయి. అంతలో రైలు కూత వేసింది.

సంచీని లోపలికి లాక్కోబోయాను. ఇద్దరు పిల్లలు, మారవలసిన రెండు రైళ్ళు, సరిహద్దు. వాటి మధ్య నా ఇంటి దస్తావేజు. ఒక క్షణం ఆగి, సంచీని ఆమె చేతికే ఇచ్చాను.

"బీరువాలో ఎట్టీసి తాళం ఏసేత్తాను. మీరు పిల్లల్ని సూసుకోండి."

రైలు కదిలింది. సంచీని రెండు చేతులా పొట్టకు అదుముకుని ఆమె వెనక్కి జరిగిపోయింది.

చింటూ తన కార్డు అడిగి తీసుకుని చూశాడు. అది వాడి రెండో ఏట తీసిన ఫొటో. గుండు, చెవుల దాకా కాటుక.

"తాతగారూ, ఇది చూపిస్తే నేనేనని అమ్మకు తెలుస్తుందా?"

రోజారమణి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, మీ అమ్మకు కార్డెందుకురా అన్నది. వాడు ఇంకా నా వైపే చూస్తున్నాడు. తలూపాను. రెండు కార్డులనూ చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, బరంపురం దాటేదాకా దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.