బూజుకర్ర

మా బావ సాలీళ్ల సంరక్షణ కేంద్రానికి పెద్ద. సాలీడు కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషి. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మా అక్కే అంటుంది, అదీ ఆయన ముందే.

కేంద్రం వెనక అడవిలో వాలుబండ ఒకటి ఉంది. దాని కింద చెమ్మలో ఒక గోధుమరంగు సాలీడు జాతి కాపురం. వాగు దాటితే ఉండదు, గుట్టెక్కినా ఉండదు. లోకం మొత్తానికి ఆ బండే దాని ఊరు. వాటిని చూసుకునే ఉద్యోగం నాది. ఈసారి అవి గుడ్లసంచులు కట్టాయి. ఆ గుడ్లు పిల్లలైతేనే జాతి మిగులుతుంది.

ఇంతలో మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. బావకి కాలూ చెయ్యీ ఆడలేదు. ఎక్కడా బూజు కనపడకూడదని, బండ దగ్గర కూడా దులపమని పనివాళ్లకి చెప్పాడట. పొద్దున నేను వెళ్లేసరికి బండ కింద నున్నగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"బావా, గూళ్లేవి?"

"గూళ్లెక్కడివి? ఉన్నదంతా బూజేగా, దులిపించా."

"అదే సాలెగూడు, బావా."

ఆయన కాసేపు ఆలోచించాడు, పాపం, అలవాటు లేని పని. "సాలెగూడంటే గుండ్రంగా, మన బోర్డు మీద బొమ్మలా ఉంటుంది కదా. అదేమో చింపిరిగా ఉంది."

చింపిరి గూడు కట్టుకోవడం దాని తప్పయింది.

మంత్రిగారు వచ్చారు, శుభ్రతని మెచ్చుకున్నారు. సాలీడేదని అడిగితే, "సిగ్గెక్కువండీ, బయటికి రాదు" అన్నాడు బావ. అందరూ నవ్వారు.

దులిపిన కర్రకైనా ఏమైనా అంటుకుని ఉంటుందేమోనని నేను సామాన్ల గదికి పరిగెత్తాను. మూలన బూజుకర్ర ఉంది. దాని కుచ్చులో చిక్కుకుని ఒకే ఒక్క గుడ్లసంచి, దాన్ని కరుచుకుని తల్లి. కర్రని రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చేసరికి అందరూ ఫోటోకి నిలబడ్డారు.

"అది అవతల పెట్టమ్మా, ఫోటోలో పడుతుంది" అన్నాడు బావ పళ్లబిగువున.

"పడనివ్వండి. ఇందులో పడాల్సింది ఇదొక్కటే."

ఈ సాలీడు భూమ్మీద ఒక్క బండ కిందే బతుకుతుందని గుమ్మం దగ్గర రాయించింది ఆయనే. ఇప్పుడది ఒక్క బూజుకర్ర మీద బతుకుతోంది. ఆ కర్రని బండకి ఆనించి, ముట్టుకుంటే ఊరుకోనని అందరికీ చెప్పాను. గుడ్లు ఇంకా పగల్లేదు. రోజూ భయంభయంగా వెళ్లి చూస్తున్నాను.

బావ మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. కేంద్రానికి కొత్త బూజుకర్ర తెప్పించాడు.