నిన్నటి పేపరు

కారు చప్పుడు కొండ మలుపులో ఆగిపోయిన రోజున కూడా నెరీనా పొద్దున్నే లేచి, నిన్నటి పేపరును నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. మడత అంచును గోటితో నొక్కి సాఫు చేసింది. ఆ ఊళ్ళో రేసు కార్లు తోలే ప్రతివాడి ఇంట్లోనూ జరిగే పనే అది. పైకప్పులేని కారులో కొండగాలి సూటిగా ఛాతీకి కొడుతుంది. బనీనుకూ చొక్కాకూ మధ్య పేపరు పెట్టుకుంటే ఉన్ని కోటు కన్నా బాగా ఆపుతుంది. మడతపెట్టడం భార్య వంతు. పెళ్ళయిన మర్నాటి నుంచీ నెరీనా ఆ పని మానలేదు. మొగుడితో మాటలు మానేశాక కూడా మానలేదు.

ఆమె మొగుడు లెయార్కో పేరు ఆ పేపర్లలో ఎప్పుడూ పడలేదు. కార్ఖానాలో కొత్త కారు తయారైతే ముందుగా దాన్ని కొండ మీదికి తోలి, ఏది వదులుగా ఉందో, ఏది వేడెక్కుతోందో చూసి, దించుకొచ్చి అప్పగించడం అతని ఉద్యోగం. ఆ తర్వాత దాన్ని పేరున్నవాళ్ళు తోలేవారు. దండలు వాళ్ళకి పడేవి. లెయార్కో పొట్టి మనిషి. ముఖమంతా ఎండకూ గాలికీ కమిలిపోయి, కళ్ళద్దాలు పెట్టుకునే మేర మాత్రం తెల్లగా ఉండేది. నిద్రలో కూడా కుడికాలు అప్పుడప్పుడు దుప్పటిని నొక్కుతూ ఉండేది.

పోయిన చలికాలం అదే పనిలో ఉన్న స్నేహితుడొకడు చనిపోయాడు. శవపేటిక పక్కన నిలబడి, తను ఇక మానేస్తానని లెయార్కో భార్య చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. మర్నాడు పొద్దున్న ఏమీ జరగనట్టు పేపరు కోసం చెయ్యి చాపాడు. నెరీనా పేపరు ఇచ్చింది. మాటలు మాత్రం ఆనాటితో కట్టిపెట్టింది. ఏం చెప్పాలన్నా పొయ్యి పక్కన కూర్చునే అత్తగారు అర్జియాతో చెప్పేది. సూపులో ఉప్పు సరిపోయిందేమో మీ అబ్బాయిని అడగండి అత్తయ్యా అని ఈమె, సరిపోయిందని చెప్పమ్మా అని అతను. ముసలమ్మకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పనిచేసేది.

"నాకు చెవుడు వయసు వల్ల రాలేదే. మీ ఇద్దరి మాటలూ మోసి మోసి వచ్చింది" అనేది.

ఆ రోజు లెయార్కో కాఫీ తాగి లేచి, పేపరు వైపు చూశాడు. తీసుకోలేదు. 

కొన్నాళ్ళుగా ఊళ్ళో సినిమావాళ్ళు దిగి ఉన్నారు. ఒక రేసు డ్రైవరుకీ అతని పెళ్ళానికీ పొసగని కథట. హీరోకి ఆ కొండదారిలో తోలడం చేతకాదు కనుక, దూరం నుంచి తీసే దృశ్యాల్లో హీరో దుస్తులు వేసుకుని లెయార్కో తోలుతున్నాడు.

గుమ్మం దాకా వెళ్ళినవాడు ఆగి, తల్లితో కాకుండా నేరుగా నెరీనాతోనే అన్నాడు.

"ఈ సినిమాతో సరి. ఆదివారం మీ అన్నయ్య దగ్గరికి వెళ్దాం. వస్తావా?"

ఆమె అన్నకి లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. వచ్చి పనిలో చేరమని ఎన్నో ఏళ్ళుగా పిలుస్తున్నాడు. ఆ మాట కోసమే ఆమె ఇన్నాళ్ళూ కాచుకుని ఉంది. కానీ కళ్ళు బల్ల మీది పేపరు దగ్గరే ఆగిపోయాయి. ఇద్దరి మధ్యా మిగిలిన ఆ ఒక్కటీ కూడా వద్దనుకున్నాడన్నమాట.

"ఎక్కడికి వెళ్ళాలనుంటే అక్కడికి వెళ్ళమనండి అత్తయ్యా."

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఏమన్నాడే అని అర్జియా అడిగింది. ఏం లేదంది నెరీనా.

ఆమె కొండ కింద, కూడలి పక్కనున్న పాస్తా దుకాణంలో పని చేసేది. పొడుగాటి కర్రతో పిండిని ఒత్తుతూ పోతే, కింద బల్ల చెక్క గీతలు కనిపించేటంత పల్చనవ్వాలి. ఆరిపోకముందే చిన్న చదరాలుగా కోసి, చిటికెడు మాంసం కూరి, చిటికెనవేలికి చుట్టి మడవాలి. ముంజేతులు మగవాడి చేతుల్లా గట్టిపడ్డాయి. పక్కన పనిచేసే జెలిందా భర్త కార్ఖానాలో మెకానిక్కు. ఊళ్ళో ఏం జరిగినా సాయంత్రానికల్లా ఆమెకి తెలిసిపోతుంది.

"నిన్న మీ ఆయన భాగోతం విన్నావా?" అంది జెలిందా. "సినిమా దర్జీ ఆయన చొక్కాలో చెయ్యిపెట్టి పేపరు లాగేశాడట. హీరోకి పొట్ట ఉన్నట్టు కనిపిస్తోందట. మీ ఆయన ఊరుకుంటాడా? అది మా ఆవిడ మడతపెట్టింది, ఇటివ్వవోయ్ అని లాక్కున్నాడట. సాయంత్రం దాకా టోపీలో పెట్టుకుని తిరిగాడట. రేపట్నించి ఇంట్లోనే ఉంచి వస్తాను, నలక్కుండా ఉంటుంది అన్నాడట. ఒకటే నవ్వులు."

నెరీనా చేతిలో కర్ర ఆగింది.

"టోపీలోనా?"

"టోపీలోనే. పెళ్ళాంతో మాటల్లేవు గానీ, పెళ్ళాం పేపరంటే ప్రాణం."

నెరీనా మళ్ళీ ఒత్తడం మొదలుపెట్టింది. సాయంత్రం అత్తగారి వైపు తిరగకుండా చెప్పాలి. వస్తాను అంటే చాలు. సూపు వడ్డించేటప్పుడు అనాలా, తిన్నాక అనాలా అన్నది మాత్రం తేల్చుకోలేకపోయింది.

మధ్యాహ్నం దాటాక దుకాణం ముందు నుంచి కారు పైకి వెళ్ళింది. గిన్నెల మూతలు గలగలమన్నాయి. ఎవరూ తలెత్తలేదు. పైకి వెళ్ళే కారును ఆ ఊరి ఆడవాళ్ళు చూడరు, దిగి వచ్చేదాన్నే చూస్తారు. చప్పుడు ఒక్కో మలుపూ ఎక్కుతూ, చెస్ట్‌నట్ చెట్ల మధ్య దూరి, మళ్ళీ బయటపడి, పై మలుపు దగ్గర ఆగిపోయింది.

దుకాణంలో కర్రలన్నీ ఆగాయి.

"సినిమావాళ్ళు కదా, మళ్ళీ తీస్తారేమో. మాటిమాటికీ ఆపుతారట" అంది జెలిందా.

నెరీనా తలూపింది. ముందున్న పిండి రేకు అంచుల్లో ఆరి, ముడుచుకోసాగింది. 

చాలాసేపటికి కార్ఖానా మేస్త్రీ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, లోపలికి రాకుండా, గుమ్మం ముందు గోనెపట్టా మీద బూట్లు తుడుస్తూనే ఉండిపోయాడు. నెరీనా మోచేతుల దాకా పిండి కడుక్కుని, ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది. రాత్రి వానకి ఆకులు రోడ్డుకి అతుక్కుపోయి కారు జారిందనీ, మనిషి దక్కలేదనీ, ముఖానికి మాత్రం దెబ్బేం తగల్లేదనీ మేస్త్రీ చెప్పాడు. 

ఆమె ఒక్కటే అడిగింది. "పైన చలిగా ఉందా?"

"ఉందమ్మా. గాలి బాగా ఉంది."

ఆమె ఇంటికి వెళ్ళేసరికి అర్జియా కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి కూర్చుని ఉంది. వినికిడి తగ్గినప్పటి నుంచీ కొడుకు రాకపోకలు ఆమెకి ఆ అద్దం అదురులోనే తెలిసేవి.

"ఎక్కడం తెలిసిందే. దిగడం తెలియలేదు. ఈ అద్దం వదులైందేమో చూడు."

నెరీనా ఆ చేతిని అద్దం మీంచి తీసి, తన ఒళ్ళో పెట్టుకుంది. సగం వినిపించే చెవి దగ్గరికి వంగి, చెప్పవలసింది చెప్పింది. 

బల్ల మీద నిన్నటి పేపరు, నాలుగు మడతల్లో, పొద్దున్న పెట్టినచోటే ఉంది. ఆదివారం వస్తానని నెరీనా ఇంకా చెప్పలేదు.