తాడుకివతల కుర్చీ

పడకగది కిటికీలు తెరిచి హాల్లోకి వచ్చి, లాజరు టేకు కుర్చీ చేతులను పొడిగుడ్డతో తుడిచాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. బక్కపలచన. కుడి మోకాలు సరిగా వంగదు. ఖాకీ చొక్కా కాలరు మాయకుండా మెడ చుట్టూ చేతిరుమాలు మడిచి పెట్టుకుంటాడు.

అమలాపురానికి ఆరుమైళ్ళ దూరంలో, కొబ్బరితోటలో ఉందా ఇల్లు. దేశానికి రాష్ట్రపతిగా చేసిన పెద్దాయన చివరి రోజులు అక్కడే గడిపారు. ఇప్పుడది మ్యూజియం. లాజరు తండ్రి ఆ తోటలోనే కాయలు దింపేవాడు, ఏనాడూ అరుగు దాటి లోపలికి రాలేదు. ఢిల్లీ నుంచి తిరిగొచ్చాక పెద్దాయన ఒకరోజు, కాయలు మోసుకొచ్చిన లాజరుని హాల్లోకి పిలిచి, "కూర్చోరా, చెమట ఆరనీ" అన్నారు. లాజరు కూర్చోలేకపోయాడు. నిలబడే మంచినీళ్ళు తాగాడు. ఆ ఇంటి తాళాలు అతని చేతికొచ్చి ఇరవై రెండేళ్ళు.

పదకొండింటికి మురమళ్ళ నుంచి సత్యనారాయణమ్మ అనే ముసలావిడ మనవరాలు శ్రీవాణితో వచ్చింది. ఫొటోలు చూస్తూ చూస్తూ గోడ పట్టుకుంది. మొహం పాలిపోయింది.

"మామ్మా!"

లాజరు గబగబా వెళ్ళి పెద్దాయన టేకు కుర్చీ చుట్టూ కట్టిన తాడు విప్పేశాడు.

"ముట్టుకోవద్దని రాసుందండీ," అంది శ్రీవాణి భయంగా.

"ఆ బోర్డు తగిలించింది నేనేనమ్మా. ముందు కూర్చోబెట్టండి."

తోటలోంచి బొండం కొట్టి తెచ్చి తాగించాడు. ముసలావిడ కళ్ళు తెరిచి, కుర్చీ చూసుకుని, లేవబోయింది.

"కూర్చోండమ్మా. చెమట ఆరనివ్వండి."

వాళ్ళు వెళ్ళాక ఆఫీసరు మురళీమోహన్ తల పట్టుకున్నాడు. "లాజరుగారూ, అది ఎగ్జిబిటండీ!"

"ఆయ్, ఎరుగుదునండి. పెద్దాయన ఉన్నప్పుడు మాత్రం కుర్చీయేనండి."

మురళీమోహన్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "రేపు పైవాళ్ళడిగితే ఏం చెప్పమంటారు?"

"నా పేరు చెప్పేయండి."

అన్నాడే గానీ ఆ కుర్రాఫీసరికి మాటొస్తుందేమోనని లాజరు మనసు పీకింది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి, తన ప్లాస్టిక్ కుర్చీని సైకిలుకి కట్టి నడిపించుకుంటూ తెచ్చాడు. హాల్లో ఫ్యాను కింద వేసి, "ఇది ఎవరైనా ముట్టుకోవచ్చండి," అన్నాడు.

ఆగస్టు వానల్లో ఒక ఆదివారం, ప్రార్థనకి తెల్లచొక్కా తొడుక్కుని, భార్య సుగుణ తల దువ్వుకునేలోగా తన ఇంటి అరుగు మీదే ఒరిగిపోయాడు లాజరు. ఎవరినీ పిలవకుండానే ప్రాణం పోయింది.

ప్లాస్టిక్ కుర్చీ పంపించమంటారా అని మురళీమోహన్ కబురు పెట్టాడు. "ఉండనివ్వండి బాబూ. ఎవరో ఒకరు కూర్చుంటారు," అంది సుగుణ.

అది ఇప్పటికీ ఫ్యాను కిందే ఉంది. నీలం రంగు వెలిసింది. చిట్లిన చేతికి రాగితీగ చుట్టి ఉంది. ఆనుకున్నవాళ్ళకి గుచ్చుకోకుండా తీగ కొస ఎవరో ఓపిగ్గా లోపలికి వంచారు.