దులపని చొక్కా

"గోడ అవతల దులపమన్నాను గానీ, వంటింటి కిటికీ కింద దులపమన్నానా అత్తయ్యా?" అంది కోడలు, అన్నం మీద మూత పెడుతూ.

"అవతల దులిపితే పక్కింటావిడ ఊరుకుంటుందా? నిన్ననే, పొడి రాల్చి తన దుప్పట్లన్నీ తెల్లగా చేశానని నానా మాటలూ అంది."

అత్తగారి చేతిలో కొడుకు నిన్న వేసుకున్న డ్యూటీ చొక్కా ఉంది. ఇంకోసారి విదిలించింది. పొడి ఎండలో మెరుస్తూ పైకి లేచి, తీరిగ్గా కిందికి దిగింది. వెంటనే దగ్గు తెర. గోడ పట్టుకుని నిలబడిపోయింది.

సిమెంటు రేకుల ఫ్యాక్టరీ మనుషుల ఇళ్లలో ఇదొక పద్ధతి. రేకుల్లో కలిపే రాతినార, అదే ఆస్బెస్టాస్, దాని పొడి తడిస్తే గుడ్డను పట్టుకుని వదలదని, ఉతికే ముందు బాగా దులుపుతారు. తెచ్చేది మగవాళ్లు, దులిపేది ఆడవాళ్లు. అత్తగారు మొగుడి చొక్కాలు దులిపింది, ఇప్పుడు కొడుకువి దులుపుతోంది. ఉతికేది కోడలు.

కిందటి ఆదివారం యూనియన్ హాల్లో ఇద్దరు పెద్ద డాక్టర్లు వాదించుకున్నారు. బట్టల్లో ఇంటికొచ్చే పొడి కూడా ఊపిరితిత్తుల్లో దిగి, ఏళ్ల తర్వాత ప్రాణం తీస్తుందన్నాడు ఒకాయన. ఇంటికొచ్చే పొడి ఏపాటిదని, ఆడవాళ్ల దగ్గు పొయ్యి పొగ వల్ల వచ్చింది కాదని రుజువేదని అన్నాడు రెండో ఆయన. ఇద్దరూ లెక్కలు చూపించారు. ఇంకా పరిశోధన జరగాలని ఫ్యాక్టరీ మేనేజరు ముగించాడు. మొదటాయన టీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం కోడలి మొగుడు డ్యూటీ నుంచి రాగానే కూతురు పరిగెత్తుకెళ్లి అతని చొక్కాలో మొహం దాచుకుంది. తర్వాత జడ వేస్తుంటే దువ్వెన పళ్ల మధ్య తెల్లటి పొడి చిక్కింది. కోడలు దాన్ని చాలాసేపు చూసింది.

భోజనాల దగ్గర మళ్లీ అదే గొడవ.

"అంత చదువుకున్నవాళ్లకే తేలలేదు వదినా. నువ్వు బట్టల బండ మీద తేల్చేస్తావా?" అని నవ్వాడు మరిది. అతను ఆ ఫ్యాక్టరీలోనే గుమాస్తా.

"నేనేం తేల్చను. తేలేదాకా ఆగమన్నారు కదా, ఆగుదాం. ఆగడమంటే మనం దులుపుతూ కూర్చోవడమేనా?"

"ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకునే గది అడిగితే, ఆ డాక్టరు మనిషివా అంటారే," అన్నాడు మొగుడు తల ఎత్తకుండా. "సూపర్‌వైజరు నా మీద కన్నేశాడంటే ఉన్న పని ఊడుతుంది."

"ఇన్నేళ్లు దులిపాను, నాకేమైందిప్పుడు?" అంది అత్తగారు. ఆ మాట పూర్తికాకుండానే దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఎవరూ ముద్ద కలపలేదు.

కోడలు ఆమెకు మంచినీళ్లు అందించింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి, తర్వాత అందరికీ వినిపించేలా, నెమ్మదిగానే చెప్పింది.

"పొయ్యి పొగో, ఫ్యాక్టరీ పొడో, ఆ అనుమానం ఫ్యాక్టరీలోనే ఉండనివ్వండి. రేపట్నుంచి డ్యూటీ బట్టలు ఈ గుమ్మం దాటి లోపలికి రావు. ఫ్యాక్టరీలోనే విప్పండి, అక్కడే ఉతికించమనండి. అత్తయ్య దులపదు, నేను ఉతకను. ఎవరు నేర్పారని సూపర్‌వైజరు అడిగితే, డాక్టరు పేరు చెప్పకండి. మా ఆవిడ ఒప్పుకోలేదని చెప్పండి."