మొదటి ప్రయాణానికి కెమెరా బ్యాగు

పెళ్లయ్యాక మా మొదటి ప్రయాణం అరకుకి. కెమెరా బ్యాగులో మెత్తలున్నాయి, సీసా పగలదని అత్తయ్య అందులో ఆవకాయ సర్దారు. మూత ఊడి బ్యాగంతా నూనె, కారం. కెమెరా మా ఆయన నతానియేలు మెడలో, లెన్సులు ఇంకా సర్దకుండా బల్ల మీద ఉండబట్టి బతికాయి.

"నా చేతులు పడిపోను" అని తిట్టుకుంటూ ఆవిడ కూడా మాతో ఆటోలో బ్రాడీపేట బ్యాగుల కొట్టుకు వచ్చారు. రైలుకు గంటే ఉంది. పెద్ద బ్యాగులో లెన్సులన్నీ పట్టాయి గానీ, రోజూ దాన్ని మోయలేడు. చిన్నదాంట్లో పొడుగు లెన్సు పట్టలేదు.

"కెమెరా వదిలేసి పోదామా రెబెకా?" అన్నాడు మొహం వేలాడేసి. నాకు ఏడుపొచ్చేసింది.

పొడుగు లెన్సు ఇంటికి తీసుకెళ్లమని అత్తయ్య చేతిలో పెట్టి, చిన్న బ్యాగు అతని భుజానికి తగిలించాను.

"దూరంగా ఉండే పిట్టల్ని ఎట్లా తీస్తానే?"

"పక్కనే పెళ్లాం ఉంటే పిట్టలెందుకండీ? పదండి, రైలెళ్లిపోద్ది!"